చెల్సీ పింగాణీ అత్తరు బుడ్లు

చెల్సీ పింగాణీ అత్తరు బుడ్లు క్రీ.శ. 18వ శతాబ్దపు మధ్యభాగంలో, అనగా ఐరోపాలో రొకోకో శైలి వెలుగొందిన కాలంలో, ఇంగ్లాండు రాజధాని లండనులో తయారైన చిన్న అలంకార పాత్రలు. మనుషులు, పక్షులు, పండ్లు, పూలగుత్తులు మొదలైన ఆకారాలలో పోతపోసి, రంగులు అద్ది, మెడకు బంగారు పట్టీ తొడిగి వీటిని అమ్మేవారు. చాలావాటి ఎత్తు 6 నుండి 9 సెంటీమీటర్లు మాత్రమే. ధనిక కుటుంబాల స్త్రీ పురుషులు వీటిని తమ వాడకానికీ, ఒకరికొకరు కానుకగా ఇచ్చుకొనుటకూ కొనేవారు. నేడు ఇవి ప్రదర్శనశాలలలోను, సేకర్తల వద్దను కనిపిస్తాయి. వీటిలో చెప్పుకోదగ్గ భాగం నిజానికి చెల్సీ కర్మాగారంలో తయారైనవి కావని 20వ శతాబ్దంలో తేలింది. ఐనప్పటికీ "చెల్సీ" అనే పేరు వాడుకలో నిలిచిపోయింది.

పేరు

తెలుగులో అత్తరు అనే మాట ఏ పరిమళ ద్రవ్యానికైనా వాడుతున్నాము గాని, అసలు అత్తరు నూనె ఆధారంగా ఉండేది. ఈ బుడ్లలో పోసినది అత్తరు కాదు. ఎక్కువగా సారాయిలో (ఆల్కహాలులో) కరిగించిన పూల, నిమ్మజాతి పండ్ల సారాలు. 1709లో కొలోన్ నగరంలో ఫరీనా కుటుంబం స్థాపించిన వ్యాపారం ద్వారా ప్రసిద్ధి చెందిన ఓ ద కొలోన్ ఇటువంటిదే. సిరాబుడ్డి వలె చిన్న పాత్ర గనుక "బుడ్డి" అనే మాట వీటికి చక్కగా నప్పుతుంది.

ఆ కాలపు ఆంగ్లంలో వీటిని "టాయ్స్" అనే వర్గంలో చేర్చేవారు. ఈ మాటకు ఇప్పుడు పిల్లల ఆటవస్తువులు అనే అర్థం స్థిరపడింది. 18వ శతాబ్దంలో మాత్రం అది పెద్దవారి చిన్న విలాస వస్తువులకు పేరు. నశ్యపు డబ్బీలు, సూదులూ కత్తెరా పెట్టుకొనే సన్నని పెట్టెలు, గడియారపు గొలుసుకు వేలాడే ముద్రలు, అత్తరు బుడ్లు అన్నీ "టాయ్స్" క్రిందికే వచ్చేవి. వీటిని అమ్మే దుకాణదారులు బాగా సంపాదించినవారు. లండనులోని చేరింగ్ క్రాస్ వద్ద ఇటువంటి దుకాణం నడిపిన చెనెవిక్స్ అనే ఆమెకు నగరం వెలుపల ఒక ఇల్లు కూడా చేతిలో ఉండేది. రచయిత హోరేస్ వాల్పోల్ 1747లో ఆమె నుండి తీసుకున్న ఆ ఇల్లే తరువాత స్ట్రాబెరీ హిల్ పేరుతో ప్రసిద్ధి చెందింది. కాబట్టి పాత జాబితాలలో "పింగాణీ టాయ్స్" అని కనిపిస్తే బొమ్మలని భ్రమపడరాదు.

నేపథ్యం

చైనాలో అనేక శతాబ్దాలుగా తయారవుతున్న పింగాణీ రహస్యం ఐరోపా వారికి చాలాకాలం అంతుపట్టలేదు. కేయోలిన్ అనే తెల్ల బంకమట్టిని, ఒక రకమైన శిలాచూర్ణంతో కలిపి దాదాపు 1300 నుండి 1400 డిగ్రీల సెంటీగ్రేడు వేడిలో కాలిస్తేగాని నిజమైన గట్టి పింగాణీ రాదు. జర్మనీలోని సాక్సనీ పాలకుడు బలశాలి ఆగస్టస్ వద్ద చిర్న్‌హౌస్ అనే శాస్త్రవేత్త, బంగారం చేస్తానని చెప్పి బందీగా చిక్కిన బట్గర్ అనే యువకుడు కలసి ఈ మర్మాన్ని ఛేదించారు. 1710లో మైసెన్ పట్టణంలోని కోటలో కర్మాగారం ఏర్పడింది. 1731లో అక్కడ చేరిన శిల్పి కాండ్లర్ చేతిలో పింగాణీ కేవలం పళ్ళెములు, గిన్నెల స్థాయిని దాటి శిల్పకళగా మారింది. రొకోకో కాలపు చిన్న పింగాణీ బొమ్మలలో చాలావాటికి మూలం ఆయన రూపొందించిన నమూనాలే అనవచ్చును.

మైసెన్ రహస్యం తెలియనివారు వేరొక దారి తొక్కారు. బంకమట్టిలో గాజు పొడి వంటి పదార్థాన్ని కలిపి తక్కువ వేడిలో కాల్చి, పింగాణీని పోలిన తెల్లని వస్తువును తయారుచేశారు. దీనిని మెత్తని పింగాణీ అంటారు. ఫ్రాన్సులో సాఁ క్లూ, షాంతీయి, మెన్సీ, వాన్సెన్ కర్మాగారాలు, ఇంగ్లాండులో చెల్సీ, బో కర్మాగారాలు ఈ కోవకు చెందినవి. వీటిలో 1740లో మొదలైన వాన్సెన్ కర్మాగారం 1756లో సేవ్ర్‌కు తరలి, 1759లో రాజు 15వ లూయీ సొంత ఆస్తి అయినది. ఇంగ్లాండులో అటువంటి రాజాదరణ ఏ కర్మాగారానికీ లేదు. ఉన్నదంతా అమ్మకం మీద వచ్చే ఆదాయమే. ఆ దేశపు పింగాణీ చరిత్రలో ఇంత చిన్న వస్తువులకు అంత ప్రాముఖ్యం రావడానికి ఇది ఒక కారణం: తక్కువ మట్టి, కొలిమిలో తక్కువ చోటు, ఎక్కువ ధర.

రొకోకో అనే పదం, గుహల అలంకరణలో వాడే రాళ్ళు, గవ్వల పనిని సూచించే "రొకాయ్" అనే ఫ్రెంచి మాట నుండి వచ్చింది. వంపులు, ఆల్చిప్పలు, పూలతీగలు, రెండు వైపులా సమానంగా ఉండని కూర్పు, వలపు విలాసాల ఇతివృత్తాలు ఈ శైలి లక్షణాలు. ఇంత చిన్న బుడ్డిలో ఈ లక్షణాలన్నీ ఇమడటం విశేషం.

ఉపయోగం

అప్పటి లండను, పారిస్ వీధులలో మురుగుకాలువలు, గుర్రాల పేడ, బొగ్గు పొగ కలసిన దుర్వాసన సహజం. స్నానం నేటివలె నిత్యకృత్యం కాదు. కనుక పరిమళం విలాసమే కాక అవసరం కూడా. 15వ లూయీ దర్బారుకు "పరిమళించే దర్బారు" అనే పేరు ఉండేది.

స్త్రీలు వెడల్పైన గౌను క్రింద నడుముకు కట్టుకొనే విడి జేబులో బుడ్డిని ఉంచుకొనేవారు, లేదా నడుము గొలుసుకు తగిలించేవారు. కొన్నిటిలో పరిమళానికి బదులు మూర్ఛ వచ్చినపుడు వాసన చూపే ఘాటైన లవణాలు పెట్టేవారు. కొన్ని బుడ్ల అడుగున చిన్న మూతతో ఒక అర ఉంటుంది. అందులో ముఖానికి అంటించుకొనే నల్లని పట్టు చుక్కలు దాచుకొనేవారు. ఈ చుక్కలు అందానికే గాక మశూచి మచ్చలను కప్పుటకు కూడా ఉపయోగపడేవి.

ఐతే చేతిలో పట్టే పరిమాణంలో ఉన్నా ఇవి కేవలం వాడుక వస్తువులు కావు. మాటలలో చెప్పలేని విషయాన్ని బుడ్డితో చెప్పేవారు. చాలావాటి మీద చిన్న అక్షరాలలో ప్రేమ, విశ్వాసం, స్నేహం గురించి ఒక ఫ్రెంచి వాక్యం రాసి ఉంటుంది. ఆ ఫ్రెంచిలో అక్షరదోషాలు కోకొల్లలు. కొనేవారికి ఫ్రెంచి మీద మోజు ఉండేది, రాసే చిత్రకారునికి ఆ భాష రాదు. విచిత్రంగా ఈ తప్పులే నేటి నిపుణులకు ఒక ఆనవాలుగా ఉపయోగపడుతున్నవి.

చెల్సీ కర్మాగారం

థేమ్స్ నది ఒడ్డున, అప్పటికి లండను వెలుపలి గ్రామమైన చెల్సీలో ఈ కర్మాగారం 1740లలో మొదలైనది. దీని సారథి నికొలస్ స్ప్రిమోఁ, నేటి బెల్జియంలోని లియేజ్ నగరం నుండి వచ్చిన వెండి పనివాడు. 1745 సంవత్సరం చెక్కిన "మేకలు, తేనెటీగ" కూజాలు ఇక్కడి తొలి ఉత్పత్తులలో చేరినవి. ఆరంభంలో ఆయనతో షార్ల్ గుయాఁ అనే నగల వర్తకునికి సంబంధం ఉండేది. ఫ్రాన్సులోని దియెప్ పట్టణానికి చెందిన ఈ ప్రొటెస్టెంటు వలసదారుని గురించి క్రింద మరల వస్తుంది.

ఈ కర్మాగారపు వస్తువులను అడుగున ఉండే గుర్తును బట్టి నాలుగు దశలుగా విభజిస్తారు. త్రిభుజం గుర్తు దశ 1745 నుండి 1749 వరకు, ఉబ్బెత్తు లంగరు 1752 వరకు, ఎర్ర లంగరు 1756 వరకు, బంగారు లంగరు 1769 వరకు సాగినవి. ఇవి ఉజ్జాయింపు సంవత్సరాలే. అత్తరు బుడ్ల విషయంలో ఈ విభజన అంతగా పనికిరాదు, ఎందుకంటే వాటి అడుగున గుర్తు వేసే చోటు ఉండదు, సాధారణంగా వేయలేదు కూడా. 1754 చివరలో లండనులో పింగాణీ "టాయ్స్" మాత్రమే ప్రత్యేకంగా వేలం వేశారు. అందులో నశ్యపు డబ్బీలు, వాసన బుడ్లు, గడియారపు వేలాడులు ఉన్నవి. కొన్ని బంగారు పట్టీలతోను, కొన్ని పట్టీలు లేకుండానూ అమ్మబడినవి. పట్టీ లేనివాటిని నగల వర్తకులు కొని తమ అభిరుచి మేరకు బంగారం తొడిగించుకొనేవారు.

స్ప్రిమోఁకు ముఖ్యమైన పోటీ మైసెన్. 1750ల మొదట్లో ఆయన ప్రభుత్వానికి సమర్పించిన ఒక విజ్ఞాపనలో, విదేశీ పింగాణీ దొంగచాటుగాను, రాయబారుల సొంత సామాను పేరుతోను దేశంలోకి వచ్చి అమ్ముడవుతున్నదని మొరపెట్టుకున్నాడు. కనీసం నూరుమంది తన వద్ద పనిచేస్తున్నారనీ, పారిష్‌ల నుండి, ధర్మ పాఠశాలల నుండి తెచ్చిన ముప్పైమంది బాలురకు చిత్రలేఖనం నేర్పిస్తున్నాననీ అందులో పేర్కొన్నాడు. బుడ్ల మీద గోరంత పూలను, కనుబొమలను దిద్దిన చేతులలో ఈ బాలుర చేతులు కూడా ఉండి ఉండవచ్చును. వారిలో చాలామంది పేర్లు తెలియవు.

ఇక్కడ ఒక తమాషా కలదు. రాయబారుల మీద ఫిర్యాదు చేసిన ఈ కర్మాగారమే ఒక రాయబారి పింగాణీని చూసి నమూనాలు తయారుచేసింది. డ్రెస్‌డెన్‌లో బ్రిటిషు రాయబారిగా పనిచేసిన సర్ చార్లెస్ హాన్‌బరీ విలియమ్స్‌కు చెందిన మైసెన్ సామగ్రి లండనులోని హాలండ్ హౌస్‌లో ఉండగా, 1751లో దానిని నకలు తీసుకొనే అవకాశం చెల్సీ వారికి కల్పించబడింది.

తయారీ

పలుచని మట్టి ద్రావణాన్ని పారిస్ ప్లాస్టరు అచ్చులో పోస్తే, ప్లాస్టరు నీటిని పీల్చుకొని అచ్చు గోడలకు మట్టి పొర కడుతుంది. మిగిలిన ద్రావణాన్ని వంచివేస్తే లోపల బోలుగా ఉన్న రూపం వస్తుంది. బుడ్డికి కావలసినది కూడా బోలుతనమే గనుక ఈ పద్ధతి చక్కగా సరిపోయింది. చేతులు, రెక్కలు, పూలు విడిగా చేసి మట్టి ద్రావణంతోనే అతికేవారు. మొదటిసారి కాల్చిన తరువాత సీసం కలిసిన మెరుగుపూత పూసి మరల కాల్చేవారు. ఆపైన రంగులు అద్ది మూడవసారి, తక్కువ వేడిలో, మంట నేరుగా తగలని మూత కొలిమిలో పెట్టేవారు. బంగారు రేకును తేనెతో నూరి కుంచెతో పూసి, కాల్చిన తరువాత గట్టి రాతితో రుద్ది మెరుగుపెట్టేవారు.

మెత్తని పింగాణీతో చిక్కు ఏమంటే, కొలిమిలో వేడి కొద్దిగా మించినా రూపం కుంగిపోతుంది. నాలుగు అంగుళాలైనా లేని బొమ్మలో మనిషి మెడ వంగినా, పక్షి ముక్కు అతుకు విడినా వస్తువు మొత్తం వృథాయే. సీసపు పూతతో రోజూ పనిచేయడం పనివారి ఆరోగ్యానికి హానికరమన్నది కూడా మరువరాదు.

బుడ్డి మూత సాధారణంగా బొమ్మలో భాగమే. మనిషి తల, పక్షి తల, పూమొగ్గ లేదా సీతాకోకచిలుక పైకి ఊడి వస్తుంది. మూత జారిపోకుండా సన్నని గొలుసుతో మెడకు కట్టేవారు. పట్టీకి మేలిమి రకాలలో బంగారం, చవక రకాలలో పూత పూసిన లోహం లేదా పించ్‌బెక్ అనే రాగి, తుత్తునాగం మిశ్రమం వాడేవారు. లండను గడియారపు పనివాడు క్రిస్టఫర్ పించ్‌బెక్ పేరుమీద ప్రసిద్ధమైన ఈ మిశ్రమం చూపులకు బంగారమే.

రూపాలు

ఇతివృత్తాలలో మన్మథునికి (క్యూపిడ్) అగ్రస్థానం. కొలిమిలో హృదయాలను సాగగొడుతూ, గుండెను బాణంతో గుచ్చుతూ, డోలు వాయిస్తూ అనేక భంగిమలలో అతడు కనిపిస్తాడు. జంట పావురాలు, చిలుకలు, హంసలు, పగ్ జాతి కుక్కలు, గొల్లభామలు, ఇటలీ ప్రహసన నాటకాలలోని హార్లెక్విన్, కొలంబైన్ పాత్రలు, ఐరోపావారి ఊహలోని చైనా మనుషులు తరువాతి వరుసలో వస్తారు. పీచు పండు, ద్రాక్షగుత్తి, గులాబీల కట్ట వంటి బుడ్లు కూడా కలవు.

వీటన్నిటిలో పరిహాసానికి పేరుపడ్డది సన్యాసి బుడ్డి. ఒక క్రైస్తవ సన్యాసి వీపున గడ్డిమోపు మోస్తుంటాడు. మోపులో నుండి ఒక యువతి తల, పాదాలు బయటకు కనిపిస్తుంటాయి. "మఠానికి దినుసులు" అనే అర్థం వచ్చే పేరుతో మైసెన్‌లో తయారైన బొమ్మ దీనికి మూలం. ప్రొటెస్టెంటు ఇంగ్లాండులో కాథలిక్కు సన్యాసి మీద హాస్యానికి గిరాకీ ఉండటం సహజమే. శుద్ధ అందం కోసం చూసేవారికి పూలబుడ్లు నచ్చవచ్చు గాని, ఆ కాలపు మనుషుల స్వభావం తెలిసేది మాత్రం ఇటువంటి బుడ్లలోనే.

"ఊయలలో అమ్మాయి" సమస్య

లండనులోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో రెండు చెట్ల మధ్య కట్టిన ఊయలలో కూర్చున్న అమ్మాయి తెల్ల పింగాణీ బొమ్మ ఒకటి ఉన్నది. ఇటువంటిదే మరొకటి అమెరికాలోని బోస్టన్ లలితకళల మ్యూజియంలో కలదు. (ఊయల అనగానే ఫ్రెంచి చిత్రకారుడు ఫ్రాగొనార్ వేసిన ప్రసిద్ధ చిత్రం గుర్తుకు రావచ్చు, అది 1767 ప్రాంతానిది, ఈ బొమ్మ అంతకంటే పాతది.) దీనిని చాలాకాలం చెల్సీ బొమ్మగానే భావించారు. కాని చెల్సీ బొమ్మలతో పోల్చి చూస్తే తేడాలు కనబడ్డాయి. మనుషుల ముఖాలు చిన్నవి, ముక్కులు మొనదేలి ఉంటాయి, దేహాలు సన్నగా ఉంటాయి. రసాయన పరీక్షలో ఈ పింగాణీలో సీసం పాలు చెల్సీ కంటే చాలా ఎక్కువని తేలింది. ఇవే లక్షణాలు అనేక అత్తరు బుడ్లలోనూ ఉన్నవి. వాటి అడుగున తరచు ఒక గులాబీ చిత్రించి ఉంటుంది.

కనుక ఇవి వేరే కార్ఖానాలో తయారైనవని స్పష్టమైంది. కాని అది ఎవరిది? పేరు తెలియక ఈ సముదాయాన్నంతటినీ "ఊయలలో అమ్మాయి" వర్గం అని పిలిచారు. 1747 ప్రాంతంలో స్టాఫర్డ్‌షైర్ నుండి వచ్చిన కొందరు కుమ్మరులు చెల్సీ నుండి విడిపోయి సొంతంగా పని మొదలుపెట్టారని 1829లో సిమియన్ షా రాసిన కథనం ఒకటి ఉండేది. దానిని ఈ బొమ్మలకు ముడిపెట్టారు. 1962లో ఆర్థర్ లేన్, రాబర్ట్ చార్ల్‌స్టన్ అనే పండితులు ఈ వర్గపు వస్తువులన్నిటినీ కూర్చి విశదంగా పరిశీలించారు. షార్ల్ గుయాఁ చెల్సీ నుండి 1740ల చివరలో తప్పుకున్నాడనీ, సెయింట్ జేమ్స్ ప్రాంతంలో వ్యాపారం సాగించాడనీ తెలిసినందున అనుమానం ఆయన మీదకు కూడా మళ్ళింది. ఐతే గట్టి ఆధారం దొరకలేదు.

ఆధారం చివరకు దొరికినది ఇంగ్లాండులో కాదు, ఫ్రాన్సులో. వాన్సెన్, సేవ్ర్ కర్మాగారాలకు రసాయన సలహాదారుగా ఉన్న ఝాఁ ఎలో (1685–1766) ఇతర దేశాల పింగాణీ మర్మాలను సేకరించి నోటు పుస్తకాలలో రాసుకొనేవాడు. ఇంగ్లాండు కర్మాగారాల విషయాలు తెలిసిన ఒక పనివాని ద్వారా ఆయనకు అందిన సమాచారంలో, గుయాఁ సెయింట్ జేమ్స్‌లోని తన ఇంటివద్ద అందమైన చిన్న బొమ్మలు తయారు చేయిస్తున్నాడన్న మాట ఉన్నది. ఫ్రెంచి పరిశోధకుడు బెర్నార్ డ్రాజెస్కో 1993లో ఈ విషయాన్ని ప్రచురించాడు. అప్పటినుండి ఈ వర్గపు వస్తువులను సెయింట్ జేమ్స్ పింగాణీ అని, సుమారు 1749–1759 మధ్య కాలానికి చెందినవని పేర్కొంటున్నారు. పోటీదారుల రహస్యాలు లాగుటకు చేసిన గూఢచర్యమే, రెండు వందల సంవత్సరాలకు పైగా మరుగున పడిన ఒక పనిమంతుని పేరును కాపాడటం చరిత్రలోని చమత్కారం.

గుయాఁ నగల వర్తకుడన్న సంగతి గుర్తుంచుకుంటే ఈ వస్తువుల స్వభావం కూడా బోధపడుతుంది. పళ్ళెములు, కూజాల కంటే అత్తరు బుడ్లు, ముద్రలు, చిన్న పెట్టెల మీదనే ఆయన దృష్టి పెట్టాడు. పింగాణీని ఆయన రత్నాల వలె చూశాడు, బంగారంలో పొదుగుటకు. ఆంగ్ల నవలాకారుడు రిచర్డ్ ఆడమ్స్ 1980లో రాసిన ఒక నవలకు ఈ ఊయల బొమ్మ పేరే పెట్టాడు. కథలో కూడా ఆ బొమ్మకు ముఖ్యస్థానం ఉన్నది.

తరువాతి కాలం

అనారోగ్యంతో బాధపడిన స్ప్రిమోఁ 1769లో కర్మాగారాన్ని జేమ్స్ కాక్స్‌కు అమ్మివేశాడు. యంత్రపు నెమలితో కూడిన గడియారం (నేడు రష్యాలోని హెర్మిటాజ్ మ్యూజియంలో ఉన్నది) ద్వారా పేరుపొందిన కాక్స్ ఇతడే. మరుసటి సంవత్సరమే అది డెర్బీ కర్మాగారపు యజమాని విలియం డ్యూస్‌బరీ, ఆయన భాగస్వామి జాన్ హీత్‌ల చేతికి వచ్చింది. స్ప్రిమోఁ 1771లో మరణించాడు. 1784లో చెల్సీ పని పూర్తిగా ఆగిపోయి, కొలిములు పడగొట్టబడినవి. అప్పటికే అభిరుచి మారింది. ప్రాచీన గ్రీకు, రోమను రూపాల మీద మోజు పెరిగి, 1770ల నుండి వెడ్జ్‌వుడ్ వారి నీలి జాస్పర్ బుడ్లు, సాదా గాజు బుడ్లు వాడుకలోకి వచ్చినవి.

సేకరణ, నకళ్ళు

19వ శతాబ్దంలో వీటికి మరల ఆదరణ వచ్చింది. లేడీ షార్లెట్ ష్రైబర్ తన భర్త చార్లెస్‌తో కలసి ఐరోపా అంతటా దుకాణాలు గాలించి కూర్చిన ఆంగ్ల పింగాణీని 1884లో సౌత్ కెన్సింగ్టన్ మ్యూజియంకు (నేటి విక్టోరియా అండ్ ఆల్బర్ట్) ఇచ్చివేసింది. 1925లో జి.ఇ. బ్రయంట్ కేవలం చెల్సీ "టాయ్స్" మీదనే ఒక పుస్తకం ప్రచురించాడు. న్యూయార్కు న్యాయమూర్తి అర్విన్ అంటర్‌మయర్ సేకరణ మెట్రోపాలిటన్ మ్యూజియంకు చేరింది. హైదరాబాదులోని సాలార్‌జంగ్ మ్యూజియంలో మైసెన్, సేవ్ర్ మొదలైన ఐరోపా పింగాణీ ఉన్నందున, ఈ కాలపు మట్టి, మెరుగు, బంగారు పని ఎలా ఉండేవో తెలుగువారు అక్కడ కొంతవరకు చూడవచ్చును.

ఆదరణతో పాటే నకళ్ళు పుట్టాయి. పారిస్‌లో 1845లో ఎద్మె సాంసోఁ స్థాపించిన సంస్థ, పాత పింగాణీకి ప్రతిరూపాలు తయారుచేయడంలో ఆరితేరింది. ఈ నకళ్ళ మీద బంగారు లంగరు గుర్తు దర్జాగా కనిపిస్తుంది. పైన చెప్పినట్లు అసలు బుడ్లకు గుర్తు ఉండటం అరుదు. కనుక చిన్న బుడ్డి అడుగున పెద్ద బంగారు లంగరు ఉన్నదంటే నమ్మకం కలగడానికి బదులు అనుమానం కలగాలి. సాంసోఁ వారి నకళ్ళు ఎక్కువగా గట్టి పింగాణీతో చేసినవి. అవి తాకితే చల్లగా, పలుకుగా ఉంటాయి. విరిగినచోట గాజువలె నున్నగా ఉంటుంది, రంగులు పైననే నిలిచినట్లు కనిపిస్తాయి. అసలు మెత్తని పింగాణీలో రంగు మెరుగుపూతలోకి కొద్దిగా ఇంకి మృదువుగా ఉంటుంది. ఎర్ర లంగరు దశ నాటి పళ్ళెములను దీపానికి ఎదురుగా పట్టుకుంటే లోపల చిన్న చంద్రబింబాల వంటి కాంతి మచ్చలు కనిపిస్తాయి. బుడ్డి గోడ మందమూ, లోపలి ఇరుకూ వలన ఆ పరీక్ష ఇక్కడ అన్నివేళలా సాధ్యం కాదు.

మరమ్మతులు మరొక చిక్కు. తల మూతగా పనిచేసే బొమ్మలో మొదట పోయేది తలే. ఒక బుడ్డి తలను వేరొక బుడ్డి మొండేనికి అమర్చినవి, పోయిన మూతకు బదులు తరువాతి కాలపు బంగారు మూత పెట్టినవి తరచు ఎదురవుతాయి. అందుచేత అనుభవజ్ఞులైన సేకర్తలు ముందుగా చూసేది బొమ్మ ముఖాన్ని కాదు. మూత మెడలో సరిగా కూర్చుంటున్నదా, పట్టీ మీది అరుగుదల గొలుసు అరుగుదలతో సరిపోతున్నదా అని పరిశీలిస్తారు.